కాన్పయ్యాక నిండే పార్టోగ్రాఫ్: తెలిసిన వైద్యం ఆచరణలోకి ఎందుకు రాదు

ప్రభుత్వాసుపత్రి ప్రసవ గదిలో ప్రతి గర్భిణి కేస్ షీటుకూ ఒక పార్టోగ్రాఫ్ జతచేసి ఉంటుంది. నొప్పులు ఊపందుకున్నప్పటి నుంచి బిడ్డ బయటపడేదాకా తల్లీబిడ్డల పరిస్థితిని గంటల వారీగా గీతల్లో చూపించే పటం అది. బిడ్డ గుండె చప్పుడు, తల్లి నాడి, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయన్న లెక్క అరగంటకోసారి చూసి గుర్తించాలి. రక్తపోటు, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందన్నది నాలుగు గంటలకోసారి చూడాలి. కాన్పు ఎక్కడ ఆగిపోతోందో, పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలో చెప్పడానికే ఆ పటం ఉన్నది. అయితే చాలా చోట్ల అది బిడ్డ పుట్టాక, కేస్ షీటు పూర్తిచేసే వేళ, ఒకే పెన్నుతో ఒకే ఊపులో నిండుతుంది. చుక్కలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి, గీత ఎక్కడా హద్దు దాటదు.

ఈ సంగతి తనిఖీలో బయటపడినప్పుడు పై అధికారులకు మొదట తోచేది శిక్షణ. రెండు రోజుల వర్క్‌షాప్ పెడతారు, కొత్త మార్గదర్శకాల పుస్తకం పంచుతారు, గోడకు మరో పోస్టరు అతికిస్తారు. కానీ కాన్పు అయిపోయాక కూర్చుని, గంటకు ఎంత తెరుచుకుని ఉండాలో లెక్కగట్టి, చుక్కలు సరైన చోట పెట్టగలిగిన నర్సుకు పార్టోగ్రాఫ్ రాదని ఎలా అనగలం? పటం క్షుణ్ణంగా తెలిసినవారే దాన్ని అలా వెనక నుంచి నింపగలరు. లోటు చదువులో లేదు, ఆ రాత్రి ఆ గదిలో ఉంది.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. రాత్రి డ్యూటీలో ఒకే స్టాఫ్ నర్సు ఉందనుకుందాం. నొప్పులు పడుతున్నవారు ముగ్గురు. నొప్పులు లెక్కించాలంటే పొట్ట మీద చెయ్యి వేసి పది నిమిషాలు పక్కనే ఉండాలి. ముగ్గురికి పదేసి నిమిషాలు, అంటే ముప్పై నిమిషాలు. ఇది అరగంటకోసారి చేయాల్సిన పని కాబట్టి, ఆ ఒక్క గడి సక్రమంగా నింపడానికే ఆమె రాత్రంతా సరిపోతుంది. బిడ్డ గుండె చప్పుడు వినడానికీ, నాడి చూడడానికీ, రాయడానికీ సమయం మిగలదు. ఈలోగా ఒకరికి కాన్పయితే మొదటి రెండు గంటలు పావుగంటకోసారి ఆ తల్లి రక్తస్రావాన్ని, నాడిని, రక్తపోటును చూడాలి. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, తొలి గంటలోనే పాలు పట్టించాలి. 108లో మరో గర్భిణి వస్తే చేర్చుకోవాలి. ఇవి కాక రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదు, బంధువుల ప్రశ్నలు. ఇందులో ప్రతి పనీ విడిగా చూస్తే రుజువులున్నదే, ప్రాణం కాపాడేదే. అన్నీ కలిపితే ఒక మనిషి పన్నెండు గంటల్లో చేయగలిగిన దానికంటే ఎక్కువ. అప్పుడు ఆమె ఏదో ఒకటి వదలక తప్పదు, తర్వాత కూర్చుని నింపగలిగే కాగితాన్నే మొదట వదులుతుంది.

పరిశోధనల్లో రుజువైన పద్ధతులనే ఆచరణలో పెట్టాలన్న ఉద్యమానికి ‘ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్’ అన్న పేరు 1990ల ఆరంభంలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. 1996లో డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు దాని స్వరూపాన్ని వివరించారు. దొరికిన వాటిలో మేలైన పరిశోధన, వైద్యుడి అనుభవం, రోగి ఇష్టాయిష్టాలు, ఈ మూడూ కలిసిన చోట నిర్ణయం జరగాలని దాని సారాంశం. ఆ వివరణ గొప్పదే. అయితే అందులో వైద్యుడికి తీరిక ఉందా, మందు అల్మరాలో ఉందా, పక్కనున్న నర్సు నోరు విప్పగలదా అన్న ప్రశ్నలకు చోటు లేదు. ఆ చోటును మొదట గట్టిగా చూపించింది నర్సింగ్ రంగంలోని పరిశోధకులే. 1991లో అమెరికాలోని నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయంలో శాండ్రా ఫంక్ బృందం, పరిశోధన ఫలితాలను పనిలో వాడకుండా మీకు అడ్డుపడుతున్నదేమిటని నర్సులను అడిగింది. ముందువరుసలో వచ్చిన జవాబులు రెండు: రోగికి చేసే పద్ధతిని మార్చే అధికారం మాకు లేదు, కొత్తది అమలు చేయడానికి డ్యూటీలో సమయం లేదు. 1998లో ఇంగ్లండ్‌లో అలిసన్ కిట్సన్, ఆమె సహచరులు ఒక నమూనాను ముందుకు తెచ్చారు. రుజువు ఎంత బలమైనదన్నది ఎంత ముఖ్యమో, అది అమలయ్యే చోటు ఎలా ఉంది, అమలుకు చేయూతనిచ్చేవారు ఎవరన్నవీ అంతే ముఖ్యమని ఆ నమూనా చెబుతుంది.

చేతులు కడుక్కోవడం కంటే పాత రుజువు, తేలికైన రుజువు వైద్యంలో లేదు. దాని ఫలితాన్ని వియన్నా ప్రసూతి వార్డులో డాక్టర్ సెమ్మెల్‌వైస్ 1847లోనే చూపించాడు. అయినా నేటికీ ఆసుపత్రుల్లో ఇది పూర్తిగా అమలు కాదు. ఇందుకు నిర్లక్ష్యాన్ని తిట్టడం సులభం. 1997లో ఫోస్, విడ్మర్ అనే ఇద్దరు పరిశోధకులు తిట్టడం మాని లెక్క వేశారు. ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో పన్నెండు మంది సిబ్బంది కడుక్కోవాల్సిన ప్రతిసారీ సింకు దాకా వెళ్లి సబ్బుతో కడుక్కుని రావాలంటే, ఒక పగటి షిఫ్టులో మొత్తం 16 గంటల నర్సింగ్ సమయం దానికే పోతుందని తేలింది. అదే మంచం పక్కనే ఆల్కహాల్ ద్రావణం సీసా ఉంటే 3 గంటలు చాలు. జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో డిడియెర్ పిటే బృందం ఈ దారినే పట్టింది. పని ఒత్తిడి పెరిగేకొద్దీ, గంటకు చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు పెరిగేకొద్దీ, చేతుల శుభ్రత తగ్గుతోందని వారు ముందుగా గమనించారు. ద్రావణాన్ని మంచాల దగ్గరికి, జేబుల్లోకి చేర్చి, యాజమాన్యం వెన్నుదన్నుగా నిలిచాక, 1994లో 48 శాతం ఉన్న చేతుల శుభ్రత 1997 నాటికి 66 శాతానికి చేరింది. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గాయి.

ఇక్కడి వార్డును తలుచుకుంటే ఈ అంకెల అర్థం ఇంకా దగ్గరవుతుంది. నలభై మంచాల వార్డులో ఆ చివర ఒక సింకు ఉంటుంది. కుళాయిలో నీళ్లు వస్తాయి, కాకపోతే అన్ని వేళలా కాదు. సబ్బు ఉంటుంది, తుడుచుకోవడానికి తువ్వాలు ఉండదు. తడి చేతులతో గ్లవ్స్ ఎక్కవు కనుక చేతులు యూనిఫాంకే తుడుచుకోవాలి. అలా తుడుచుకున్నాక కడిగిన ఫలితం ఎంత మిగులుతుందో నర్సుకు బాగా తెలుసు. ఆ సింకుకు పైన మాత్రం చేతులు కడుక్కునే ఆరు మెట్లూ రంగుల్లో అచ్చేసిన పోస్టరు ఉంటుంది.

అలసట ప్రభావాన్ని ఆసుపత్రులు ఇంకా తక్కువ పట్టించుకుంటాయి. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం అమెరికాలోని 35 ఆసుపత్రుల సిబ్బందిని పరిశీలించింది. పన్నెండు గంటల డ్యూటీ మొదట్లో ఉన్న చేతుల శుభ్రత, ముగిసే వేళకు సగటున 8.7 శాతం పాయింట్లు పడిపోయింది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య విశ్రాంతి ఎక్కువ దొరికినవారు మెరుగ్గా పాటించారు. 2014లో బోస్టన్ ప్రాంతపు క్లినిక్‌లలో జలుబు, దగ్గు వంటి శ్వాసకోశ ఇబ్బందులతో వచ్చినవారి రికార్డులను పరిశీలించగా, డాక్టరు కూర్చున్న మొదటి గంటతో పోలిస్తే నాలుగో గంటలో యాంటీబయాటిక్ రాసే అవకాశం 26 శాతం ఎక్కువగా కనిపించింది. మధ్యాహ్నం మళ్లీ కొత్తగా మొదలైన ఓపీలోనూ ఇదే తీరు. ఆ నాలుగు గంటల్లో డాక్టరు చదువు తగ్గలేదు. ‘ఇది వైరస్ జ్వరం, యాంటీబయాటిక్ పనిచేయదు, మూడు రోజులు చూద్దాం’ అని ఒప్పించడానికి కావలసిన ఓపిక తగ్గింది. మందు రాయడం పది సెకన్ల పని, రాయకుండా పంపడానికి అయిదు నిమిషాలు మాట్లాడాలి. సాధారణ వైద్యుడు ఒక్కో రోగికి ఇచ్చే సమయం 48 సెకన్ల నుంచి 22 నిమిషాల పైచిలుకు దాకా దేశాన్ని బట్టి మారుతోందని 2017లో 67 దేశాల సమాచారంతో చేసిన ఒక సమీక్ష చెప్పింది. భారత్‌లో అది సుమారు రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో ఏ మార్గదర్శకం పాటించవచ్చో, ఏది పాటించలేమో మార్గదర్శకాలు రాసేవారే ఒకసారి కూర్చుని చూడాల్సి ఉంది.

అధికారం సంగతి సమయం కంటే సున్నితమైనది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2003 చివర మొదలైన ఒక కార్యక్రమం ఇందుకు చక్కటి ఉదాహరణ. ఇంటెన్సివ్ కేర్‌లో మెడ, ఛాతీ దగ్గరి పెద్ద సిరల్లోకి గొట్టం వేసినప్పుడు సోకే రక్తపు ఇన్ఫెక్షన్లను తగ్గించడానికి పీటర్ ప్రోనోవోస్ట్ బృందం అయిదు పనులు ఎంచుకుంది: చేతులు కడుక్కోవడం, పూర్తి శుభ్రమైన ఆచ్ఛాదన, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, వీలైతే తొడ సిరను వదిలేయడం, అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసేయడం. ఇందులో కొత్తదేమీ లేదు, అన్నీ డాక్టర్లకు తెలిసినవే. కొత్తది పని జరిగే తీరులో వచ్చింది. కావలసిన సామగ్రి అంతా ఒక బండిలో సర్ది ఉంచారు, డాక్టరు ఒక్కో వస్తువు కోసం అల్మరాలు వెతకనక్కర్లేదు. డాక్టరు ఒక మెట్టు దాటేస్తే ఆపమని చెప్పే అధికారం నర్సుకు ఇచ్చారు, ఆ మాటకు యాజమాన్యం అండగా నిలిచింది. వెయ్యి గొట్టపు రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే అది ఒక గొట్టపు రోజు) సగటున 7.7గా ఉన్న ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు తగ్గాయి.

అదే నమూనాను తర్వాత ఇంగ్లండ్ దేశమంతటా చేపట్టింది. ఇన్ఫెక్షన్లు అక్కడా తగ్గాయి. కానీ కార్యక్రమం ఇంకా మొదలుకాని యూనిట్లలోనూ అదే వేగంతో తగ్గుతుండడంతో, అది ఈ కార్యక్రమం ఘనతేనని చెప్పడం కుదరలేదు. యూనిట్లలో గడిపి పరిశీలించిన మేరీ డిక్సన్-వుడ్స్ బృందానికి కనిపించింది ఏమిటంటే, చాలా చోట్ల సిబ్బంది దీన్ని పైనుంచి దిగిన మరో ప్రభుత్వ కార్యక్రమంగానే చూశారు. చెక్‌లిస్టు కాగితాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తెచ్చుకోవచ్చు. నర్సు ఆపమంటే సర్జన్ ఆగే అలవాటు మాత్రం కాగితంతో రాదు. మన ఆసుపత్రుల్లో రౌండ్స్ జరిగేటప్పుడు కేస్ షీట్లు పట్టుకుని వెనక నడిచే నర్సు, ‘సర్, మీరు గ్లవ్స్ మార్చలేదు’ అనగలిగే రోజు ఎలా వస్తుందన్నది శిక్షణ శిబిరాల్లో ఎవరూ చర్చకు పెట్టని ప్రశ్న.

పని పరిస్థితులను ముట్టుకోకుండా ఆచరణను మాత్రమే సరిదిద్దితే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ‘బెటర్‌బర్త్’ పరీక్ష చూపించింది. 24 జిల్లాల్లోని 120 ఆరోగ్య కేంద్రాలు, లక్షన్నరకు పైగా కాన్పులు. సగం కేంద్రాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత ప్రసవ చెక్‌లిస్టును, దానిలోని 28 అంశాలను, ప్రవేశపెట్టి, ఎనిమిది నెలల పాటు శిక్షకులు వచ్చి నర్సుల పక్కన నిలబడి సాయపడ్డారు. రెండు నెలలకు ఆ కేంద్రాల్లో తప్పనిసరి పనుల్లో 73 శాతం జరుగుతున్నాయి, మిగతా కేంద్రాల్లో 42 శాతమే. శిక్షకుల రాక ఆగిపోయిన నాలుగు నెలలకు, అంటే పన్నెండో నెలకు, 73 కాస్తా 62కు జారింది. మరణాలు, తల్లికి తీవ్ర ప్రమాదాలు కలిపి చూస్తే మాత్రం రెండు వైపులా తేడా లేదు: ఇటు 15.1 శాతం, అటు 15.3 శాతం. 2017లో ఈ ఫలితం వచ్చినప్పుడు చెక్‌లిస్టుల మీద ఆశలు పెట్టుకున్నవారు నిరాశపడ్డారు. నిజానికి ఇందులో నిరాశకంటే పాఠమే ఎక్కువ. రక్తస్రావం మొదలయ్యిందని నర్సు సకాలంలో గుర్తించినా, ఆ కేంద్రంలో రక్తం లేకపోతే, మత్తు డాక్టరు లేకపోతే, అంబులెన్సు రెండు గంటలకు వస్తే, గుర్తించినందువల్ల ఒరిగేదేమిటి? రక్తస్రావాన్ని అరికట్టే ఆక్సిటోసిన్ ఇంజక్షన్ కాన్పు అయిన నిమిషంలో ఇవ్వాలన్న నియమం కూడా ఫ్రిజ్ పనిచేయడం మీద, కరెంటు ఉండడం మీద ఆధారపడినదే. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచాలి. వేడికి శక్తి తగ్గిన మందును నిమిషంలోనే ఇచ్చినా చెక్‌లిస్టులో టిక్కు పడుతుంది, రక్తం మాత్రం ఆగదు.

అలాగని దోషమంతా సామగ్రి కొరతదే అనుకోవడమూ పొరపాటే. విరేచనాలతో బాధపడే పిల్లలకు ఓఆర్ఎస్ ఇవ్వాలన్నది దేశంలో వైద్యం చేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయం. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లతో కలరా రోగులను బతికించిన నాటి నుంచి దాని మీద సందేహమే లేదు. అయినా చాలామంది రాయరు. కర్ణాటక, బిహార్‌లలో రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యసేవకుల దగ్గరికి, విరేచనాలవుతున్న బిడ్డకు తండ్రిలా నటించేవారిని పంపి ఎందుకు రాయడం లేదో పరిశీలించారు. 2024లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం స్టాకు లేకపోవడం కారణమైనది 6 శాతం, మందుల అమ్మకంలో లాభం చూసుకోవడం 5 శాతం మాత్రమే. వచ్చినవారు ఓఆర్ఎస్ కోరుకోరన్న వైద్యుడి ఊహే 42 శాతానికి కారణం. ఓఆర్ఎస్ ఇవ్వండని అడిగితే రాసేవారు 27 శాతం పాయింట్లు పెరిగారు. పొడి ప్యాకెట్ రాసిస్తే ‘ఈ డాక్టరు హస్తవాసి మంచిది కాదు’ అని పక్క వీధికి వెళ్లిపోతారేమోనన్న భయం కూడా పని పరిస్థితే. రోగి వచ్చిపోవడం మీదే బతుకు ఆధారపడిన చోట, సూది మందుకూ సెలైనుకూ అలవాటుపడిన ఊళ్లో, శాస్త్రం చెప్పినట్టు చేయడం వైద్యుడికి ఆదాయం పోగొట్టుకునే సాహసంగా కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చకు అద్దంపట్టేది సిజేరియన్ల సంఖ్య. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వాసుపత్రుల్లోనూ 44.5 శాతం. ముహూర్తాలు, నొప్పుల భయం, డబ్బు గురించి చాలా చర్చ జరిగింది, అది అవసరమే. కానీ ఎవరు ఎంతసేపు ఎదురుచూడగలరన్న ప్రశ్న అంతగా వినిపించదు. తొలి కాన్పు పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నొప్పులు మొదలయ్యాక తొందరపడవద్దని, ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోనంత మాత్రాన జోక్యం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆ సలహా పాటించాలంటే ఒకరు పక్కన కూర్చోవాలి, ధైర్యం చెప్పాలి, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉండాలి. ఓపీ, ఆపరేషన్లు, వార్డు అన్నీ ఒక్కరే చూసుకునే గైనకాలజిస్టుకు, సాయంత్రం ఆరు తర్వాత మత్తు డాక్టరు దొరుకుతారో లేదో తెలియని ఆసుపత్రిలో, మధ్యాహ్నం మూడింటికే కోత నిర్ణయం తీసుకోవడం క్షేమంగా తోస్తుంది. రాత్రి రెండింటికి బిడ్డ గుండె చప్పుడు పడిపోతే అక్కడ చేయగలిగిందేమీ ఉండదు. ఆ పరిస్థితుల్లో ఆమె భయం అర్థంలేనిది కాదు.

ప్రసవ సమయంలో తోడుగా ఒకరిని అనుమతించడమూ ఇలాంటిదే. తోడు ఉంటే కాన్పు సాఫీగా జరుగుతుందని, కోతల అవసరం తగ్గుతుందని రుజువులున్నాయి. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వాసుపత్రుల్లో దీన్ని అనుమతించింది. మంచానికీ మంచానికీ మధ్య తెర లేని గదిలో మరో మహిళ కాన్పు జరుగుతుండగా తోడును ఎలా రానిస్తారు? నాలుగు తెరలు, వాటిని వేలాడదీసే కడ్డీలు లేక ఆగిపోయే రుజువు ఇది.

ఎదురుచూసే పనిని ఉద్యోగంగా గుర్తించిన ప్రయత్నం ఒకటి తెలంగాణలోనే మొదలైంది. 2017లో యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారంతో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించారు. మరుసటి ఏడాది కేంద్రం దేశవ్యాప్త మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి సహజ కాన్పు జరిపించడమే మిడ్‌వైఫ్ పని. నడిపించడం, పక్కకు తిప్పడం, నడుం నిమరడం, అవసరం లేని చోట కోత పెట్టకపోవడం, ప్రమాదం కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవడం ఆమె చేతిలో ఉంటాయి. ఇక్కడ చదువు ఒక్కటే మారలేదు. ఆ పనికి మనిషి, సమయం, నిర్ణయాధికారం మూడూ కేటాయించారు. ఈ మూడింటిలో ఏది వెనక్కి తీసుకున్నా చదువు నిలవదు. శిక్షణ పొందిన నర్సును సిబ్బంది కొరత పేరుతో మూడు నెలలకు క్యాజువాలిటీకో సర్జికల్ వార్డుకో మారిస్తే, 18 నెలల ఖర్చు కాగితం మీదే మిగులుతుంది. ప్రసవ గది నర్సులను ఇతర వార్డులకు తిప్పవద్దని ప్రసవ గదుల నాణ్యత పెంచడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమం చెబుతున్నదీ ఇందుకే.

సిబ్బందిని పెంచమంటే వెంటనే వచ్చే జవాబు డబ్బు లేదని. తొమ్మిది ఐరోపా దేశాల్లోని 300 ఆసుపత్రుల సమాచారంతో 2014లో లిండా ఎయికెన్ బృందం ఒక లెక్క ఇచ్చింది. నర్సు చూడాల్సిన రోగుల్లో ఒక్కరు పెరిగితే, శస్త్రచికిత్స తర్వాత నెలలోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో చట్టం చేసి, కొన్ని ఆసుపత్రుల్లో పగటి షిఫ్టులకు నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలని నిర్దేశించింది. తర్వాత చూస్తే, రోగులు త్వరగా ఇంటికి వెళ్లడం, మళ్లీ మళ్లీ చేరకపోవడం వల్ల మిగిలిన సొమ్ము, అదనపు నర్సుల జీతాలకు రెట్టింపు కంటే ఎక్కువని తేలింది. అక్కడి లెక్కలు ఇక్కడ అచ్చంగా వర్తించకపోవచ్చు, మన జీతాలు వేరు, మన వార్డులు వేరు. కానీ నర్సు జీతాన్ని ఖర్చు పద్దులో మాత్రమే రాసి, ఇన్ఫెక్షన్‌తో అదనంగా పది రోజులు మంచంలో ఉన్న రోగిని ఏ పద్దులోనూ రాయకపోవడం లెక్క కాదు.

ప్రస్తుతం ప్రసవ గదుల తనిఖీ ఎక్కువగా పగటి పూట జరుగుతుంది. ఉదయం షిఫ్టులో ఇన్‌ఛార్జి సిస్టర్, స్టాఫ్ నర్సులు, డాక్టరు, విద్యార్థినులు అందరూ ఉంటారు, ట్రేలు సర్ది ఉంటాయి. పార్టోగ్రాఫ్‌లను తెరిచి నిండాయో లేదో చూసి మార్కులు వేస్తారు. అదే పటాలను ఆ రాత్రి డ్యూటీ రిజిస్టరుతో, ఆ గంటలో చేరిన గర్భిణుల సంఖ్యతో పక్కపక్కన పెట్టి చూడడానికి కొత్త పరికరమేమీ అక్కర్లేదు, రెండు పుస్తకాలూ ఆసుపత్రిలోనే ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికి ఒక్క నర్సు, అయిదుగురు గర్భిణులు ఉన్న గదిలో అయిదు పటాలూ అరగంట తప్పకుండా నిండి కనిపిస్తే, అక్కడ ఇంకో మనిషి కావాలని ఆ పటాలే అడుగుతున్నట్టు.